ఎర్రమిట్ట మీద కేక

పద్నాలుగో వారం

పోయిన వారం ఆనందయ్యను అతని గడపలోనే వదిలిపెట్టాం. ఒక కాలు ఇంట్లో, ఒక కాలు వీధిలో. వీధిలో వీరనాగప్ప పంపిన జీపు. ఇంట్లో భార్య దీవెనమ్మ. జీపు తోలే మనిషి చెప్పిన మాట ఒకటే: "పెద్దాయన ఎర్రమిట్టకు రమ్మన్నాడు. గోల్ఫు ఆడించల్లంట."

ఇంకో రోజైతే మిషన్ పాళెమంతా ఆ మాటకు పగలబడి నవ్వేది. కానీ పన్నెండు రోజుల కిందట అదే ఎర్రమిట్ట మలుపులో చెన్నకేశవులు జీపు మీద బాంబు పడింది. వీరనాగప్పా చెన్నకేశవులూ ప్రొద్దుటూరులో పెద్దమనుషుల ముందర కూర్చుని, మండలాధ్యక్ష ఎన్నికలో ఒకరి మీద ఒకరు పోటీకి దిగబోమని చేతిలో చెయ్యి వేసుకున్న మూడో రోజు అది. బాంబు ఇంకా గాలిలో ఉండగానే మిట్ట మీది నుంచి ఎవరో "ఫోర్" అని కేక వేశారు. చెన్నకేశవులు చిన్నప్పుడు మిషన్ బడిలో చదివినవాడు. ఆ కేకకు అర్థం తెలిసి తల వంచాడు, బతికాడు. పక్కన జీపు తోలుతున్న మనిషికి మిషన్ బడి లేదు. ఏందని తలెత్తి చూశాడు. అతన్ని మూట కట్టి తీసుకుపోయారు.

ఆ కేక వేసింది ఆనందయ్య. మేకను వెతుక్కుంటూ మిట్ట ఎక్కినవాడు. బాంబు విసిరింది వీరనాగప్ప మేనల్లుడు గంగులు. ముఖానికి కట్టిన తువ్వాలు జారితే ఆనందయ్య చూశాడు. ఈ రెండు సంగతులూ దీవెనమ్మకు తప్ప నరమానవుడికి చెప్పలేదు. మామ పంపకుండా అల్లుడు పోతాడా? వీరనాగప్పే చెయ్యి కలిపి వెనకనుంచి బాంబు వేయించాడని ఊరెట్ల అనుకుందో ఆనందయ్యా అట్లే అనుకున్నాడు. మరి వీరనాగప్ప ఇప్పుడు ఆ కేక వేసిన నోరు ఎవరిదని వెతుకుతున్నాడంటే, అది ఎందుకో చెప్పాల్సిన పని లేదు.

దీవెనమ్మ ఏడవలేదు. గడపలోనే నిలబెట్టి అతని అంగీ గుండీలు పెట్టింది. పెళ్లయిన నలభై ఏళ్లలో ఎప్పుడూ చేయని పని.

"ఈ పొద్దు ఆడ ఏమన్నా ఎగరనీ, నీ నోరు మాత్రం లెయ్యకూడదు. మాటియ్యి," అంది.

ఇచ్చాడు.

జీపు పాళెం చివర దేవరాజును ఎక్కించుకుంది. జమ్మలమడుగు దారిలో వడ్రంగి కొట్టు దగ్గర రహమాన్‌ను ఎక్కించుకుంది. ముగ్గురివీ అరవై దాటిన ఒళ్లు. దేవరాజుకు రెండు కళ్లలోనూ పొర. మనుషులను గొంతులను బట్టి పోల్చుకుంటాడు. దారిలో రహమాన్ ఒకసారి, తన చేతికి అంటిన రంపపు పొట్టు దులుపుకుంటూ, ఈ తాలూకాలో ఆ కేక వేసే అలవాటున్న నోళ్లు మూడే మిగిలినాయి, మూడూ ఒకే జీపులో పోతాండాయి అన్నాడు.

అతను అన్నది నిజం. ఆ కేక ఎర్రమిట్టకు ఎట్లా వచ్చిందో చెప్పుకుంటే గానీ ఈ సాయంత్రం జరిగింది తలకెక్కదు.

మిషన్ ఆసుపత్రికి డాక్టరుగా వచ్చిన మక్లీన్ దొర స్కాట్లాండువాడు. వాళ్ల ఊరు సముద్రం ఒడ్డున. ఊరికీ సముద్రానికీ మధ్య ఇసుక నేల, దేనికీ పనికిరాని గడ్డి నేల. పంట పండని నేల కాబట్టే అక్కడ ఆట పండిందని దొర చెప్పేవాడు. చలిగాలికి గొర్రెలు ఒదిగి పడుకుని చేసిన గుంతలే ఆటలో అడ్డంకులయ్యాయంట. మాంసం కొట్టేవాడు, బడి పంతులు, జమీందారు అందరూ ఒకే వరసలో నిలబడి తమ వంతు కోసం కాచుకోవలసిందేనంట. ఆదివారం ఆట బంద్. ఆ రోజు ఆడవాళ్లు ఉతికిన బట్టలు తెచ్చి ఆ మైదానంలోని పొదల మీద ఆరేసుకుంటారంట. తెల్లోళ్ల బట్టలు కూడా పొదల మీద ఆరతాయా అని పన్నెండేళ్ల ఆనందయ్య అడిగితే, దొర కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

ఆ ఊరి మీద బెంగతో దొర ఎర్రమిట్టను ఎంచుకున్నాడు. ఇక్కడ గడ్డి లేదు, సముద్రం లేదు, చలి అసలే లేదు. గులకరాళ్లు, తంగేడు, కంపచెట్లు. తొమ్మిది గుంతలు తవ్వించాడు. ఒక్కో గుంత చుట్టూ ఇసుక పోసి, అది గాలికి లేవకుండా మోటారు కారులో మాడిన నూనె కలిపి చదును చేయించాడు. బంతిని గుంతలోకి దొర్లించే ముందు ఆ ఇసుక మీది అడుగులు పోయేట్టు గోనెసంచి ఈడ్చే పని పాళెం పిల్లలది. శనివారం నాలుగు గంటలకు యర్రగుంట్ల నుంచి రైల్వే ఇంజనీరు వచ్చేవాడు. దొరసాని ఫ్లాస్కులో టీ, రొట్టె ముక్కల మధ్య దోసకాయ బిళ్లలు పెట్టి తెచ్చేది. పచ్చి దోసకాయ తినడానికి ఇంత తతంగమా అని దేవరాజు ఆశ్చర్యం. కర్ర విరిగితే రహమాన్ నాయన టేకు చెక్కి బిగించేవాడు. దొర ఊరి కర్రలా వంగి లేచేది కాదు, అయినా దొర దాన్నే పట్టుకుని, బాగుంది అనేవాడు.

ఆటకన్నా మర్యాదలు ఎక్కువ. ఒకరు కొట్టేటప్పుడు ఇంకొకరు దగ్గకూడదు. ఎదుటివాడి దారిలో నీ నీడ పడకూడదు. ఎన్ని దెబ్బలు కొట్టావో నీ కాగితం మీద నువ్వే నిజంగా వేసుకోవాలి. ఒకసారి కంపచెట్టు వెనక దొర కర్ర తగిలి బంతి వేలెడంత కదిలింది. చూసింది ఆనందయ్య ఒక్కడే. దొర పెన్సిలు ఆనందయ్య చేతికిచ్చి, ఒక దెబ్బ ఎక్కువ వేయమన్నాడు. ఆ ఒక్క దెబ్బతోనే ఆ ఏడాది వెండి కప్పు రైల్వే ఇంజనీరు పట్టుకుపోయాడు. ఆనందయ్య వారం రోజులు దొరను పిచ్చోడనుకున్నాడు.

అన్నిటికన్నా పెద్ద మర్యాద ఆ కేక. బంతి మనిషి మీదికి పోతుంటే, అది ఎవరు కొట్టిందైనా సరే, చూసినవాడు "ఫోర్" అని అరవాలి. విన్నవాడు వెనక్కి చూడకుండా తల వంచాలి. ఆలోచిస్తే ఆలస్యమైపోతుంది కాబట్టి ఆలోచన లేకుండా నోరు దానంతటదే లేవాలి. దొర ఆ ముగ్గురినీ నిలబెట్టి, రాళ్లు విసిరి విసిరి నేర్పించాడు. దొర పోయి ముప్పై ఐదేళ్లయినా ఆ ముగ్గురి నోళ్లలోనుంచి అది పోలేదు. చింతచెట్టు మీది కొమ్మ విరిగి పడుతున్నా వాళ్లకు అదే కేక.

ఈ రోజూ శనివారమే. నాలుగు గంటలే. వీరనాగప్ప అది కూడా ఎంచుకునే పిలిపించినట్టున్నాడు.

మిట్ట మీద తెల్లపంచెతో నిలబడి ఉన్నాడు. పక్కన కాన్వాసు సంచిలో ఏడు కర్రలు. మిషన్ బంగ్లా సామాను అమ్మినప్పుడు కొన్నవి. రహమాన్ ఒక కర్ర తీసి చూసి, చేత్తో తడిమి, ఇది మా నాయన చెక్కింది అన్నాడు. వీరనాగప్ప తల ఊపాడు. కొత్త కలెక్టరుకు ఈ ఆట పిచ్చి అంట, మిట్ట బాగు చేయిస్తే ఆయన శనివారాలు ఇక్కడికే వస్తాడు, ఎన్నికల్లో పనికొస్తాడు అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. చిన్నప్పుడు తాను కంచె అవతలి ఆ గట్టు మీద కూర్చుని చూసేవాడంట. ఈ ఊళ్లో సగం నేల తన తండ్రిదైనా కంచె దాటి లోపలికి రావడానికి లేదంట. లోపల దొర పక్కన సమానంగా నడిచి పోయేది మాత్రం పాళెం పిల్లోళ్లు.

"మిమ్మల్ని చూసి శానా కుళ్లుకుంటాంటిరా నేను," అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు ఎవరికీ అంటుకోలేదు.

యాభై అడుగుల అవతల, అదే గట్టు మీద, నాపరాళ్ల కుప్పకు ఆనుకుని గంగులు కూర్చున్నాడు. చేతిలో ఒడిసెల. జొన్నచేలల్లో రాయి పెట్టి తిప్పి పిట్టలు తోలే తాటినార ఒడిసెల. చిన్నప్పటి నుంచి గంగులు గురి తప్పడం ఎవరూ చూడలేదు. ఆనందయ్య అటు చూడకూడదనుకుని కర్రల సంచి భుజానికి తగిలించుకున్నాడు. యాభై ఏళ్ల కిందటి బరువే. భుజమే మారింది.

వీరనాగప్ప కర్ర ఎత్తి బలంగా తిప్పాడు. బంతికి తగల్లేదు. పంచె మాత్రం గాలికి లేచింది.

"ఒకటి," అన్నాడు దేవరాజు, అలవాటు కొద్దీ. గాలి చప్పుడే అతనికి చాలు.

"ఏంది ఒకటి? తగల్లే కదరా."

"తగలకపోయినా లెక్కే అప్పా. కొట్టల్లని తిప్పినావు కదా."

వీరనాగప్ప కర్రను నేలకు ఆనించాడు.

"బాంబుకు గూడా అంతేనా దేవరాజా?"

గాలికి తంగేడు కాయలు గలగలమన్నాయి. వీరనాగప్ప తానే ఆ మాటను పక్కకు తోసి, రహమాన్ చేతికి చిన్న జెండా కర్ర ఇచ్చి, మొదటి గుంతలో నాటి రమ్మన్నాడు. రహమాన్ వాళ్లకు వీపు పెట్టి నడవడం మొదలుపెట్టాడు. ముప్పై అడుగులు. నలభై. గుంత దగ్గర వంగి మట్టి గీకుతున్నాడు.

అప్పుడు ఆనందయ్య కంటి కొసకు గంగులు లేవడం కనిపించింది. ఒడిసెల తల చుట్టూ ఒక్క చుట్టు తిరిగింది.

రాయి బయలుదేరింది. దాని దారి ఆనందయ్యకు అచ్చంగా తెలుసు. ఎన్ని వందల బంతుల దారి చూసిన కళ్లు. అది రహమాన్ తలకే పోతోంది. కడుపులోనుంచి కేక లేచి గొంతుదాకా వచ్చింది. దీవెనమ్మ వేళ్లు అంగీ గుండీల మీద ఉన్నట్టు అనిపించింది. ఆనందయ్య పళ్లు బిగించాడు. కేకను నాలుక కింద పట్టి నొక్కాడు. నోట్లో ఉప్పగా రక్తం తగిలింది.

"ఫోర్," అని అరిచింది దేవరాజు. ఒడిసెల రివ్వుమన్న చప్పుడు చెవిన పడి, అది ఏమిటో తెలిసి, అరిచేసరికి అర క్షణం ఆలస్యమైంది. రహమాన్ తల వంచి రెండు చేతులూ తల మీద కప్పుకున్నాడు. రాయి అతని కుడిచేతి వేళ్ల మీద పడింది. ఆ చప్పుడు ఇంత దూరం వినిపించింది.

రహమాన్ అరవలేదు. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. ఉలి పట్టే చెయ్యి. దేవరాజు తడుముకుంటూ, రాళ్లు తగిలి తూలుతూ, "రహమానూ, యాడుండావప్పా, పలుకు," అంటూ అటు పోయాడు.

వీరనాగప్ప గట్టు వైపు తిరిగాడు. "మట్టిగడ్డ ఎయ్యమంటి కదరా గంగులూ."

"కనపడలే మామా," అన్నాడు గంగులు. అతని కాళ్ల దగ్గరే మట్టిగడ్డలు పడి ఉన్నాయి.

జీపు మనిషిని నీళ్లకు పంపించి, వీరనాగప్ప ఆనందయ్య మోచెయ్యి పట్టుకుని నాలుగడుగులు పక్కకు నడిపించాడు. గంగులుకు వీపు పెట్టి నిలబడ్డాడు. దేవరాజును పట్టుకుంటాడని ఆనందయ్య భయపడ్డాడు. అరిచింది దేవరాజు కదా. దొరికిపోయింది దేవరాజు కదా. దొరికింది తాను కాదని లోపల హాయిగా అనిపించినందుకు ఆ తర్వాతి క్షణంలోనే తన మీద తనకు ఏవగింపు పుట్టింది.

వీరనాగప్ప మెల్లగా అన్నాడు.

"దేవరాజు గుడ్డోడు. గుడ్డోడు గూడా అరిసినాడు. రహమాను చూడకుండానే వంగినాడు. అదీ అలవాటంటే. నీకు రెండు కండ్లూ ఉండాయి. రాయి ల్యాసింది మొదులు నువ్వు చూస్తానే ఉండావు, నేను నిన్నే చూస్తాండా. నువ్వొక్కనివే నోరు పట్టుకున్న్యావు. ఎందుకు పట్టుకున్న్యావు ఆనందయ్యా?"

అరిచినవాడిని పట్టుకోవడానికి పన్నిన వల అని ఆనందయ్య అనుకున్నాడు. అరవనివాడి కోసం పన్నిన వల అది. ప్రాణం కాపాడుతుందనుకున్న మౌనమే వేలెత్తి చూపించింది. అర క్షణం ముందు నోరు విప్పి ఉంటే రహమాన్ వేళ్లు నిలిచేవి, తానూ ఆ ముగ్గురిలో ఒకడిగా కలిసిపోయేవాడు.

అక్కడ రహమాన్ చేతికి దేవరాజు తన తువ్వాలు చుడుతున్నాడు. చూపు లేని వేళ్లతో, విరిగిన వేళ్లకు. కంపచెట్టు వెనక దొర చేతికిచ్చిన పెన్సిలు ఆనందయ్యకు గుర్తొచ్చింది. ఎంత పొట్టి పెన్సిలో, ఎంత బరువుగా ఉందో.

"ఆ పొద్దు అరిసింది నేనే అప్పా," అన్నాడు. "వాళ్లిద్దర్నీ ఇండ్లకు పంపియ్యి. ఆ చెయ్యి చూపిచ్చల్ల. నన్ను ఏం చేసుకుంటావో చేసుకో."

వీరనాగప్ప ఏమీ చేయలేదు. పై కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అంత దగ్గరనుంచి చూస్తే ముసలితనం కనిపించింది. కళ్ల కింద సంచులు, గీయని గడ్డం. నిద్రపోయి ఎన్నాళ్లయిందో.

"నిన్ను చంపేదానికి పిలిపిస్తి అనుకుంటివా? జనమంతా అట్లనే అనుకుంటాండారులే. చేతిలో చెయ్యేసి వెనకనుంచి బాంబు ఏపించినాడని నా మొగానే అంటాండారు. నలభై ఏండ్లుగా శానా మందిని ఏపించినా, ల్యాదనను. ఏపిస్తే ఏపించినానని చెప్పుకున్న్యా. ఇది నేను ఏపించలే."

ఆనందయ్య అతని ముఖంలోకి చూశాడు. అబద్ధం చెప్పే ముఖాలు అతనికి తెలుసు. ముప్పై ఏళ్లు మిషన్ ఆసుపత్రిలో కత్తిపోట్లకు కట్లు కట్టినవాడు. పడి తగిలించుకున్నామని చెప్పే ప్రతివాడినీ చూసినవాడు. ఇది ఆ ముఖం కాదు.

పన్నెండు రోజులుగా అనుకున్నదంతా ఒక్కసారిగా తలకిందులైంది. మామ పంపకుండానే అల్లుడు పోయాడు. రాజీ నిలిస్తే మామ వైపు నుంచి గంగులు పోటీకి దిగే దారి ఉండదు, మండలాధ్యక్ష పదవి దక్కదు. మామ మాట మీద నమ్మకం చస్తే రాజీ చస్తుంది. అందుకని పోయాడు. ఆ సంగతి వీరనాగప్పకు తెలియదు. ఈ మిట్ట మీద తెలిసింది తనకూ, గంగులుకూ.

"పోలీసులొద్దు. కోర్టొద్దు. నా మాటకు మన్ను గొట్టినోని పేరు నాకు గావల్ల. ఇంతగా నోరు పట్టుకున్న్యావంటే నువ్వు మొగం చూసినట్టే. నా చెవిలో చెప్పు. చెప్పినాక నీ ఒంటి మీద ఈగ వాలనీను."

ఒంగి చెవి దగ్గరికి తెచ్చాడు. చెవి మీద తెల్లటి వెంట్రుకలు. ఆ చెవి పక్కగా, దాని వెనక, గట్టు కనిపిస్తోంది. గంగులు లేచి నిలబడ్డాడు. ఇంత దూరం మాట వినపడదు. కానీ మామ వంగడం కనిపించింది, ఆనందయ్య పెదాలు కదలబోవడం కనిపించింది. అదే చాలు అతనికి.

ఆనందయ్య అప్పుడు ఒక లెక్క వేశాడు. పేరు చెబితే ఈయన నమ్ముతాడా? తన చేతుల మీద పెరిగిన అక్క కొడుకును కాదని, మిషన్ పాళెం ముసలోని మాట నమ్ముతాడా? నమ్మకపోతే ఈ సాయంత్రమే తన ఆఖరిది. నమ్మితే గంగులు ఊరుకుంటాడా? దీవెనమ్మకు ఇచ్చిన మాట ఒకటుంది. రహమాన్ చేతికి చుట్టిన తువ్వాలు ఎర్రబడుతోంది.

"అప్పా," అన్నాడు, "పేరు చెప్తే నీకు కడుపు కాల్తాది."

వీరనాగప్ప మెల్లగా నిటారుగా లేచాడు. అతని ముఖంలో ఏదో మొదలైంది. ఇంకా పూర్తిగా అర్థం కాలేదు, కానీ మట్టిగడ్డ వేయమంటే రాయి వేసిన సంగతి ఎక్కడో తగిలినట్టుంది. వెనక్కి తిరగలేదు. తిరగడానికి భయపడినట్టు నిలబడ్డాడు.

"నా ఇంటోడా?" అన్నాడు.

గట్టు మీద ఒడిసెల రెండు చుట్లు తిరిగింది. ఈసారి రాయి పిడికెడంత. అది ఎవరి కోసం వదిలాడో, తన కోసమో మామ కోసమో, ఆనందయ్యకు తెలియలేదు. ఇద్దరూ ఒకే వరసలో ఉన్నారు. ముందు ఉన్నది వీరనాగప్ప తల.

నోరు మూసుకుంటే చాలు. ఇందాక మూసుకున్నట్టే. నలభై ఏళ్లుగా ఈ తాలూకాలో ఎందరి తాళి తెంపించిన మనిషో, వాళ్ల లెక్కంతా ఆ ఒక్క రాయితో తీరిపోతుంది. అడిగేవాడు ఉండడు. పేరు చెప్పాల్సిన పని ఉండదు. దీవెనమ్మకు ఇచ్చిన మాటా నిలుస్తుంది.

ఇదంతా అతను తర్వాత అనుకున్నది. ఆ క్షణంలో ఏదీ అనుకోలేదు. నోరు దానంతటదే లేచింది.

"ఫోర్."

మిట్టంతా మోగింది. దేవరాజు రహమాన్ మీద బోర్లా పడి కప్పుకున్నాడు. ఆనందయ్య తల రెండు మోకాళ్ల మధ్యకు పోయింది.

ఆ కేకకు అర్థం వీరనాగప్పకూ తెలుసు. గట్టు మీద కూర్చుని చిన్నతనమంతా విన్నవాడు. కానీ పుట్టిన నాటి నుంచి ఎవరి ముందరా తల వంచినవాడు కాదు.